చెట్టు నీడకు ఒక గడ్డి, గోడ నీడకు మరొకటి

ఇంటికి ఉత్తరం వైపు, మామిడి చెట్టు కింద వేసిన గరిక పచ్చిక ఏటా పలచబడుతోందని, నీడను తట్టుకునే గడ్డి ఏదైనా ఉందా అని మీరు అడిగారు. తిరుపతిలో మా పెరడు కూడా అలాంటిదే కనుక గమనించినది చెబుతున్నాను.

గరికకు రోజుకు కనీసం ఆరు గంటల నేరుటెండ కావాలి. అది లేనిచోట ఎరువు పెంచడం వృథా. పైగా నీడలో నత్రజని ఎక్కువైతే ఆకు మెత్తబడి తెగుళ్లకు లోనవుతుంది.

మా మామిడి చెట్టు కింద నిలదొక్కుకున్నది కార్పెట్ గ్రాస్, అంటే ఆక్సోనోపస్ కంప్రెసస్. నర్సరీలలో ఒకే గడ్డిని రకరకాల పేర్లతో అమ్ముతారు కాబట్టి పేరును నమ్మకుండా మొక్కను చూడండి: ఆకు వెడల్పుగా, అంచు కొద్దిగా అలలు తిరిగి, కొన మొద్దుగా ఉంటుంది, నేలను పాకే తీగ ప్రతి కణుపు దగ్గరా వేరు దింపుతుంది. వేళ్లు లోతుకు పోవు కనుక మే నెలలో తడి ఆరనివ్వకూడదు. మీ బోరు నీరు ఉప్పగా ఉంటే మాత్రం దీన్ని ఎంచుకోవద్దు. ఉప్పును బాగా ఓర్చుకునే సెయింట్ ఆగస్టీన్ గడ్డి వేయండి, దానికి నాలుగు గంటల ఎండ అందినా చాలు.

గోడ నీడ సంగతి వేరు. తిరుపతి దాదాపు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది కాబట్టి డిసెంబరు మధ్యాహ్నం పది అడుగుల గోడ ఉత్తరానికి ఏడున్నర అడుగుల నీడ పరుస్తుంది. కానీ ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య వరకు మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరంగా ఉండడంతో, చలికాలమంతా ఎండ ఎరగని ఆ నేల మీదే రోహిణి కార్తె ఎండ నేరుగా పడుతుంది. అందుకే చలికాలంలో నీడను కొలిచి గడ్డి కొనడం నాకు సమ్మతం కాదు. రెండింటినీ ఒక మోస్తరుగా ఓర్చుకునే మనీలా గడ్డి అక్కడ మేలు, కాకపోతే అది చాలా నిదానంగా అల్లుకుంటుంది.

జూన్, జూలై జల్లులకు, చివికిన పశువుల ఎరువు కలిపిన నేలలో తీగ ముక్కలు నాటితే అక్టోబరు, నవంబరు పెద్ద వానలు వచ్చేలోగా వేళ్లు పట్టుకుంటాయి. చెట్టు కింద గడ్డిని మూడు అంగుళాలకు తగ్గకుండా కత్తిరించండి, ఎందుకంటే అందే కొద్దిపాటి వెలుతురును పట్టుకోవడానికి ఆకు మిగలాలి. కింది కొమ్మలు కొన్ని తీయిస్తే ఇంకా మంచిది, అయితే కాయలు దిగిన తరువాతే ఆ పని పెట్టుకోండి. మొదలు చుట్టూ వేళ్లు పైకి తేలిన చోట ఏ గడ్డీ నిలవదు. అక్కడ రాలిన ఆకును అలాగే వదిలేయండి, లేదా నడక లేని చోటైతే మోండో గడ్డి (పేరుకే గడ్డి, నిజానికి గడ్డి జాతి కాదు) దుబ్బులు పెట్టించండి.