మిగిలిన 625 మాత్రలు బాబుకు ఇవ్వొచ్చా?

డాక్టర్ సలహా

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా గుడిపాల మండలంలో ఒక పల్లె. మా నాయనకు 66 ఏళ్లు. పదేళ్లుగా షుగరు, బీపీ మాత్రలు వాడుతున్నాడు. మామిడి తోటలో ఎండుకొమ్మలు ఏరేస్తుంటే అరికాలికి ముల్లు గుచ్చుకుంది. రెండు రోజులకు పాదం వాచి చీము పట్టింది. చిత్తూరులో డాక్టరు చీము తీసి, టీటీ ఇంజెక్షన్ వేసి, అమాక్సిసిలిన్–క్లావులనేట్ 625 మాత్ర రోజుకు మూడు చొప్పున ఏడు రోజులకు రాశారు. ఈరోజుకు నాలుగు రోజులైంది. వాపు బాగా తగ్గింది. కానీ నిన్నటి నుంచి నాలుగైదు సార్లు నీళ్ల బేదులు అవుతున్నాయి. 'హైపవరు మాత్ర, ఒంటికి వేడి చేసింది, ఇంక చాలు' అంటున్నాడు. పొద్దున మాత్ర పరగడుపున కాఫీ తాగి వేసుకుంటాడు. మా అవ్వ ఇప్పుడు ఇంకో మాట చెప్పింది. నాయనకు చిన్నప్పుడు పెన్సిలిన్ సూది వేస్తే ఒళ్లంతా దద్దుర్లు లేచాయంట. ఆ సంగతి డాక్టరుకు మేం చెప్పలేదు. ఈ మాత్ర కూడా పెన్సిలినేనా? ఆపేయొచ్చా? మిగిలినవి సగానికి విరిచి, జలుబు దగ్గుతో ఉన్న మా ఐదేళ్ల బాబుకు ఇవ్వొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ అవ్వ చెప్పిన మాటతోనే మొదలుపెడతాను. అన్నిటికంటే ముందు తేల్చాల్సింది అదే.

అవును, ఇది పెన్సిలినే. మందుల డబ్బా మీద పెద్ద అక్షరాల్లో కంపెనీ పెట్టుకున్న పేరు ఉంటుంది, అందులో పెన్సిలిన్ అన్న మాట కనబడదు. దాని కింద చిన్న అక్షరాల్లో అసలు మందు పేరు ఉంటుంది. ఆ పేరు చివర 'సిలిన్' అని ఉంటే అది పెన్సిలిన్ కుటుంబమే. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లాక్సాసిలిన్ అన్నీ అన్నదమ్ములే. ఒకటి పడనివాళ్లకు ఇంకొకటి కూడా పడకపోవచ్చు.

ప్రాణం మీదికి తెచ్చే రకం అలర్జీ సాధారణంగా మందు లోపలికి వెళ్లిన గంటలోపే బయటపడుతుంది. ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు, నాలుక వాయడం, గొంతు బిగుసుకుని ఊపిరాడకపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం. మీ నాయన ఇప్పటికి పది పన్నెండు మాత్రలు మింగారు, ఇవేవీ రాలేదు. కాబట్టి గుండెలు బాదుకోవాల్సిన పని లేదు. పెన్సిలిన్ పడదని చెప్పుకునేవాళ్లకు సరైన పరీక్షలు చేస్తే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా అలర్జీ లేదనే తేలుతుంది. చిన్నప్పుడు వచ్చిన దద్దుర్లు, ఆ సూది ఏ జబ్బుకు వేశారో ఆ జబ్బు వల్లే వచ్చి ఉండొచ్చు. నిజంగా అలర్జీ ఉన్నా, ఏళ్లు గడిచేకొద్దీ చాలామందిలో అది పోతుంది కూడా.

అయినా నిశ్చింతగా ఉండమని చెప్పను. వారం, పది రోజులకు ఆలస్యంగా దద్దుర్లు లేచే రకం ఒకటుంది. చర్మం మీద బొబ్బలు, నోట్లో పుళ్లు, కళ్లు ఎర్రబడటం, దాంతోపాటు జ్వరం వస్తే ఇంకో మాత్ర వేయకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఊపిరి ఇబ్బంది మొదలైతే 108కి ఫోన్ చేయండి. అప్పుడు ప్రాణం నిలిపేది తొడ కండరంలో వేసే అడ్రినలిన్ ఇంజెక్షన్. ఇంట్లో ఉన్న దురద మాత్ర వేసి చూద్దామని కూర్చోకండి. ఈ గుర్తులేవీ లేకపోయినా, మాత్ర రాసిన డాక్టరుకు ఈ పూటే ఫోన్ చేసి అవ్వ చెప్పింది చెప్పినట్టు చెప్పండి. కోప్పడతారని దాచొద్దు. అలర్జీ సంగతి ఆలస్యంగా తెలిసినా మాకు పనికొస్తుంది. ఈ మాత్రే కొనసాగించాలో, వేరేది రాయాలో పుండు చూసిన ఆయనే చెప్పగలరు.

ఇక బేదులు. ఈ మాత్రతో తరచూ వచ్చే ఇబ్బంది ఇదే. చాలావరకు దానికి కారణం క్లావులనేట్. యాంటీబయాటిక్ పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను కూడా కొంత తుడిచేస్తుంది. మీ నాయన షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే అది కూడా దీనికి తోడవుతుంది. దీన్నే మనవాళ్లు 'వేడి చేసింది' అంటారు. ఆ మాటతో మాత్ర మానేసేవాళ్లను ఓపీలో రోజూ చూస్తుంటాను. వేడి చేయడం కాదమ్మా, పేగు కలత పడింది.

ఇందులో మీ చేతిలో ఉన్న మార్పు ఒకటుంది. పరగడుపున కాఫీతో వేసుకోవడం మాన్పించండి. సంగటో, ఇడ్లీయో, అన్నమో మొదటి రెండు ముద్దలు తిన్నాక మాత్ర వేసి, మిగతా తిండి దాని మీద తినమనండి. క్లావులనేట్ అన్నంతో పాటు వెళ్తే ఒంటికి బాగా పడుతుంది, కడుపులో వికారమూ తగ్గుతుంది. పెరుగు, మజ్జిగ ఆపాల్సిన పనిలేదు. కొన్ని యాంటీబయాటిక్స్‌కు పాలు, పెరుగు అడ్డొస్తాయి, దీనికి రావు. నీళ్ల బేదులకు ఓఆర్ఎస్ పొట్లం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి గుక్కగుక్కగా తాగించండి. షుగరు ఉంది కదా అని ఓఆర్ఎస్‌కు భయపడొద్దు, షుగరు మాత్రం చూసుకుంటూ ఉండండి. బేదులు కట్టే మాత్ర మెడికల్ షాపులో అడిగి తేవొద్దు. రక్తం, జిగురు పడుతున్నా, కడుపునొప్పి, జ్వరం ఉన్నా, మూత్రం తగ్గినా ఆరోజే చూపించాలి. యాంటీబయాటిక్ వాడాక పేగులో ఒక చెడ్డ బ్యాక్టీరియా పెరిగి పెద్దపేగు వాచే జబ్బు ఉంది. మాత్రలు ఆపేసిన కొన్ని వారాలకు కూడా అది రావచ్చు. బేదులు ఎక్కువైతే మెట్‌ఫార్మిన్, కొన్ని బీపీ మాత్రలు తాత్కాలికంగా ఆపాల్సి రావచ్చు, ఫోన్‌లో అది కూడా అడగండి. పదేళ్ల షుగరు కాబట్టి కిడ్నీ పరీక్ష, అంటే క్రియాటినిన్, ఈమధ్య చేయించి ఉండకపోతే చేయించండి. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకు ఈ మాత్ర మోతాదు తగ్గించాలి.

వాపు తగ్గింది కాబట్టి ఆపేద్దామన్న ఆలోచన మాత్రం వద్దు. షుగరు ఉన్నవాళ్ల పాదం మోసం చేస్తుంది. నరాల స్పర్శ తగ్గి ఉంటుంది కాబట్టి నొప్పి తెలియదు, లోపల చీము నడుస్తున్నా పైకి తగ్గినట్టే కనబడుతుంది. ఈరోజు ఎరుపు ఎంతవరకు ఉందో బాల్ పెన్నుతో చుట్టూ గీత గీయండి. రేపు ఆ గీత దాటితే ఆసుపత్రికి వెళ్లండి. చర్మం నల్లబడినా, దుర్వాసన వచ్చినా, జ్వరం వచ్చినా మాత్ర మీద ఆధారపడి ఒక్క రాత్రి కూడా ఆగొద్దు, మళ్లీ కోసి శుభ్రం చేయాల్సి ఉంటుంది. ఒక వయసు మళ్లిన మనిషి కాలి వేలు, పాదం పోగొట్టుకోవడం చూడటం నాకు ఎన్నేళ్లైనా అలవాటు కాలేదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

'హైపవరు' అన్న మాట గురించి కూడా చెప్పాలి, మన జిల్లాలో ఈ మాత్రను చాలామంది అలాగే అడిగి కొంటున్నారు. 625 అన్నది పవరు కాదు, రెండు మందుల కూడిక. 500 మిల్లీగ్రాముల అమాక్సిసిలిన్, 125 మిల్లీగ్రాముల క్లావులనేట్. బ్యాక్టీరియా తన చుట్టూ గోడ కట్టుకుని బతుకుతుంది. అమాక్సిసిలిన్ ఆ గోడ కట్టే మేస్త్రీ చేతులు కట్టేస్తుంది. కొన్ని బ్యాక్టీరియాలు తెలివిమీరి అమాక్సిసిలిన్‌ను ముక్కలు చేసే కత్తెర లాంటి ఎంజైమ్‌ను తయారుచేసుకున్నాయి. క్లావులనేట్ ముందుగా వెళ్లి ఆ కత్తెరలో ఇరుక్కుని దాన్ని పనికిరాకుండా చేస్తుంది. బ్యాక్టీరియాను చంపే శక్తి దానికి పెద్దగా లేదు. జోడీ మాత్ర కథ అంతే. 1981లో బ్రిటన్‌లో ఆగ్మెంటిన్ పేరుతో ఇది మొదట అమ్మకానికి వచ్చింది.

ఇక్కడ ఒక లెక్క తప్పుతుంటారు. 375 మాత్రలో 250, 125 ఉంటాయి. ఒక గ్రాము మాత్రలో 875, 125. గమనించారా, మూడింట్లోనూ క్లావులనేట్ 125 మాత్రమే. షాపులో 625 లేదని రెండు 375లు ఇస్తే అమాక్సిసిలిన్ సరిపోతుంది గానీ క్లావులనేట్ రెట్టింపవుతుంది, బేదులు ఎక్కువవుతాయి.

ఇదే లెక్కతో మీ బాబు దగ్గరికి వస్తాను. సగం మాత్ర పిల్లల మోతాదు కాదు. పిల్లలకు బరువును బట్టి లెక్క కట్టి సిరప్ రాస్తాం, అందులో క్లావులనేట్ పాళ్లు మాత్రలో కంటే తక్కువ ఉంటాయి. అసలు సంగతి ఏమిటంటే, జలుబుకు ఏ మోతాదులోనూ ఈ మందు పనికిరాదు. జలుబు, ఎక్కువ శాతం గొంతునొప్పులు, ఫ్లూ, డెంగ్యూ, ఇవన్నీ వైరస్ జబ్బులు. వైరస్‌కు గోడే లేదు, మేస్త్రీ చేతులు కట్టి ఏం లాభం? మూడో రోజుకు చీమిడి పచ్చబడితే 'ఇన్‌ఫెక్షన్ ముదిరింది' అని భయపడతారు. జలుబు తిరిగే దారిలో అది మామూలే.

బాబు నిద్రపోయేటప్పుడు చొక్కా పైకెత్తి, వాచీ చూస్తూ ఒక నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టండి. ఐదేళ్ల లోపు పిల్లలకు, ఏడాది దాటితే, నిమిషానికి 40 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే, లేదా ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల కింద గుంట పడుతుంటే, అది న్యుమోనియా కావచ్చు. మీ బాబు ఐదేళ్లవాడు కాబట్టి ఆ లెక్క దగ్గరదగ్గరగా సరిపోతుంది. పాలు నీళ్లు తాగకపోయినా, మత్తుగా పడి ఉన్నా, చెవినొప్పితో ఏడుస్తున్నా, జలుబు దగ్గు పది రోజులు దాటినా తగ్గకపోయినా పిల్లల డాక్టరుకు చూపించండి. అప్పుడు బహుశా ఇదే మందు సిరప్‌గా రాయొచ్చు. పొడి సిరప్ అయితే కాచి చల్లార్చిన నీళ్లు గీత వరకు పోసి, బాగా ఊపి, ఫ్రిజ్‌లో పెట్టి, ఏడు రోజుల్లో వాడేయాలి. మిగిలింది పారబోయాలి.

ఇంకో మాట, మీ నాయన తోటల్లో తిరిగే మనిషి కాబట్టి. మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో, అవతల వేలూరు వైపు, వానల తర్వాత నెలల్లో స్క్రబ్ టైఫస్ అనే జ్వరం బాగా వస్తుంది. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి కనపడనంత చిన్న పురుగు పిల్లలు కుట్టడం వల్ల వస్తుంది. కుట్టినచోట కొందరికి సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది. చంకల్లో, గజ్జల్లో, నడుం దగ్గర, రొమ్ముల కింద, ఎవరూ చూడనిచోటే ఉంటుంది, నొప్పీ ఉండదు. ఈ జబ్బుకు అమాక్సిసిలిన్–క్లావులనేట్ అస్సలు పనిచేయదు, డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది. 'హైపవరు' మాత్రలు కొనుక్కుని ఐదు రోజులు వాడి, ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతిన్నాక వచ్చేవాళ్లను చూస్తే బాధేస్తుంది. సరైన మందు మొదట్లో పడి ఉంటే వాళ్లలో చాలామంది రెండు మూడు రోజుల్లో లేచి కూర్చునేవాళ్లు. తలనొప్పితో జ్వరం వచ్చినప్పుడు ఒళ్లంతా వెతకండి, తోటకు వెళ్తామని డాక్టరుకు చెప్పండి.

మాత్రలు ఎక్కడ పెట్టారు? స్టీలు డబ్బాలో విడిగా పోసి ఉంటే అది తప్పు. క్లావులనేట్ చెమ్మను ఇట్టే పీల్చుకుంటుంది. రేకు విప్పి వదిలిన మాత్ర మెత్తబడి, గోధుమరంగు మచ్చలు పడుతుంది, అది ఇంక పనికిరాదు. మింగే ముందు మాత్రమే రేకు చించాలి. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. తర్వాతి మాత్ర వేళ దగ్గరపడి ఉంటే మరిచిన దాన్ని వదిలేయాలి, రెండూ కలిపి వేయొద్దు. రక్తం పలచబడటానికి వాడే వార్ఫరిన్, గౌట్‌కు (యూరిక్ యాసిడ్ పెరిగి వచ్చే కీళ్లనొప్పికి) వాడే అల్లోప్యూరినాల్, కీళ్లవాతం లాంటి జబ్బులకు వాడే మెథోట్రెక్సేట్ వాడుతున్నవాళ్లు ఈ మాత్రకు ముందే ఆ సంగతి చెప్పాలి.

లివర్ సంగతి కూడా గుర్తుంచుకోండి. వయసు మళ్లిన మగవాళ్లలో, ఎక్కువ రోజులు వాడినప్పుడు, అరుదుగా ఈ మందు కామెర్లు తెస్తుంది. మాత్రలు అయిపోయిన కొన్ని వారాలకు కూడా రావచ్చు. కళ్లు పచ్చబడి, మూత్రం ముదురురంగుకు తిరిగి, ఒళ్లంతా దురద పెడితే పసరు మందుకు పరిగెత్తకండి. రక్తపరీక్ష చేయించి, ఈ మాత్ర వాడిన సంగతి చెప్పండి. ఇంకెప్పుడూ ఇది వాడకూడదని వాళ్లు రాసిస్తారు.

షీటు మీద నిలువుగా ఎర్రగీత ఉంటుంది చూడండి. డాక్టరు చీటీ లేకుండా వాడొద్దని దాని అర్థం. కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో ఆ గీత గురించి ప్రచారం మొదలుపెట్టింది. పెన్సిలిన్‌ను కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లోనే, నోబెల్ ఉపన్యాసంలో, ఈ మందు అంగళ్లలో ఎవరు పడితే వాళ్లు కొనుక్కునే రోజు వస్తే చాలీచాలని మోతాదులు వాడి బ్యాక్టీరియాను మొండిగా మారుస్తారని హెచ్చరించాడు. మీరు బాబుకు ఇవ్వాలనుకున్న సగం మాత్ర సరిగ్గా అలాంటిదే. డాక్టరు మందు మార్చి షీటులో మాత్రలు మిగిలిపోతే దాచొద్దు. మట్టిలో కలిపి కవర్‌లో కట్టి చెత్తలో వేయండి.

ఇప్పుడు మీ నాయన మందుల ఫైలు తీసుకోండి. మొదటి పేజీలో పైన 'చిన్నప్పుడు పెన్సిలిన్ ఇంజెక్షన్‌కు దద్దుర్లు' అని రాయండి. అప్పుడు ఊపిరాడలేదా, ముఖం వాచిందా, ఆసుపత్రిలో పడుకోబెట్టారా, ఏ వయసులో జరిగింది, అవ్వకు ఎంత గుర్తుంటే అంత రాయండి. దాని కింద ఈసారి 625 ఎన్ని రోజులు వాడారో, ఏం ఇబ్బంది వచ్చిందో, ఏం రాలేదో రాయండి. ఆ పేజీ చూస్తూ డాక్టరుకు ఫోన్ చేయండి.

– జనరల్ ఫిజీషియన్, తిరుపతి