జల్దారు పండ్లతో రక్తం పడుతుందా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. హిమోగ్లోబిన్ 9.5 ఉందని డాక్టరు గారు ఐరన్ మాత్రలు రాశారు గానీ, వేసుకుంటే వికారంగా ఉంటోంది. రంజాన్ రోజుల్లో పాతబస్తీలో కొన్న ఎండు ఖుబానీ (జల్దారు పండ్లు, ఆప్రికాట్) ఇంట్లో ఉంది. రోజూ నాలుగైదు తింటే మాత్రలు అక్కర్లేదని మా అత్తగారు అంటున్నారు. నిజమేనా? షుగర్ ఉన్న మా మామగారు తినవచ్చా? గింజలోని పప్పు పిల్లలకు పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: అన్నిటికంటే ముందు పిల్లల సంగతి. గింజ పగలగొడితే బాదంలా కనిపించే ఆ పప్పులో అమిగ్డలిన్ అనే పదార్థం ఉంటుంది. నమిలి మింగితే దాని నుంచి సైనైడ్ విషం పుడుతుంది. లడఖ్‌లో తీపి పప్పు కాసే రకాలు ఉన్నమాట నిజమే అయినా, అంగడిలో కొన్నది ఏ రకమో మనకు తెలియదు; చేదు పప్పు కొద్దిగా తిన్నా పసివాళ్లకు ప్రమాదమే. దయచేసి గింజలను వారి చేతికి అందనివ్వకండి.

ఇక రక్తం విషయం. ఎండు ఖుబానీ గుజ్జు 100 గ్రాములలో ఇనుము సుమారు 2.7 మిల్లీగ్రాములు. మీరు తినే నాలుగైదు పండ్ల గుజ్జు 30 గ్రాములనుకుంటే, దక్కేది 0.8 మిల్లీగ్రాములు మాత్రమే. మీ వయసు స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో సూచించింది. మన సీమలో చేసుకునే సజ్జరొట్టె ఇంతకంటే మేలు, ఎందుకంటే 100 గ్రాముల సజ్జలలో ఇనుము 6 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. రొట్టెతో తినే ఆకుకూరపై నిమ్మరసం పిండుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది, తిన్న వెంటనే టీ తాగితే మాత్రం ఒంటబట్టడం తగ్గుతుంది. అత్తగారి మాటలోని ఆప్యాయతను కాదనను గానీ, మాత్రలు మానకండి. వికారం సంగతి డాక్టరు గారికి చెబితే మందో, వేసుకునే వేళో మారుస్తారు.

అంతమాత్రాన ఖుబానీ తీసిపారేయదగినది కాదు. 100 గ్రాములలో 7 గ్రాముల పీచు, 1,160 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటాయి. పీచుకు తోడు విరేచనం సాఫీగా అయ్యేలా చేసే సార్బిటాల్ అనే తీపి పదార్థం కూడా ఉండడం వల్ల మలబద్ధకానికి ఇది చక్కని ఆహారం. పండుకు పసుపుపచ్చని ఛాయనిచ్చే బీటా కెరోటిన్ ఒంట్లో విటమిన్ ఎ అవుతుంది. విటమిన్ సి మాత్రం ఎండబెట్టేటప్పుడే చాలావరకు పోతుంది. రాత్రి కడిగి నానబెడితే తెల్లవారేసరికి ముడతలు విప్పుకొని ఉబ్బుతాయి, బొటనవేలితో నొక్కగానే గింజ జారి వస్తుంది. టీ రంగులోకి మారిన ఆ నీటిని పారబోయకండి, పొటాషియం కొంత అందులోకే దిగుతుంది. నిగనిగలాడే నారింజ రంగు పండ్లకు సాధారణంగా గంధకపు పొగ పట్టిస్తారు కనుక, ఉబ్బసం ఉన్నవారు గోధుమ రంగువే ఎంచుకోవడం మంచిది.

మామగారు రెండు పండ్లు, అదీ పంచదార పాకం లేకుండా, భోజనంలో కొంత అన్నం తగ్గించుకొని తినవచ్చు, ఎందుకంటే ఎండు పండులో సగానికి పైగా చక్కెరే. ఆయనకు మూత్రపిండాల జబ్బు కూడా ఉంటే, పొటాషియం కారణంగా, డాక్టరు గారిని అడిగాకే పెట్టండి.