గేమ్‌లో రైలు రూట్ కొన్నాక ఇంకో మూడు ప్యాక్‌లు కొనమంటున్నారు, కేసు వేయొచ్చా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది తిరుపతి. డిగ్రీ చదువుతున్నాను, వయసు 20. కంప్యూటర్‌లో రైలు నడిపే సిమ్యులేటర్ గేమ్ ఆడతాను. గత నెల ఒక ఆన్‌లైన్ స్టోర్‌లో రూ. 1,499 పెట్టి ఒక రూట్ యాడ్-ఆన్ (గేమ్‌కి అదనంగా చేర్చుకునే రైలు మార్గం) కొన్నాను. డౌన్‌లోడ్ అయ్యాక చూస్తే సగం సినారియోలు (ఆ మార్గంలో ఆడే విడివిడి ప్రయాణాలు) తెరుచుకోవడం లేదు. వాటికి ఇంకో మూడు ప్యాక్‌లు కావాలట, అవి కలిపి రూ. 3,600 దాకా అవుతాయి. పేజీలో బొమ్మ వేసి చూపించిన ఇంజన్ కూడా ఆ మూడింట్లో ఒకదాంట్లోదే. రీఫండ్ అడిగితే 'రెండు గంటలకు మించి ఆడారు, షరతులకు ఒప్పుకున్నారు' అని మెయిల్ పెట్టారు. కేసు వేయొచ్చా? ఇంకొకటి, నేనే పాకాల–కాట్పాడి లైన్‌ని ఓపెన్ రైల్స్ అనే ఉచిత రైలు సిమ్యులేటర్‌కి రూట్‌గా తయారు చేస్తున్నాను. దాన్ని అమ్ముకుంటే ఏమైనా ఇబ్బందా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: వేయొచ్చు. గేమే కదా, పదిహేను వందలే కదా అని ఎవరైనా తీసిపారేస్తే పట్టించుకోకండి. గాంధీ రోడ్డులో మిక్సీ కొని ఇంటికి తెచ్చాక 'జార్లు వేరే కొనుక్కోవాలండీ' అంటే ఊరుకుంటామా? అదీ పెట్టె మీద జార్లతో సహా బొమ్మ వేసి అమ్మితే? మీకు జరిగింది అదే.

మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లు నిదానంగా చూశాను. పైన ఇంజన్ బొమ్మ పెద్దగా ఉంది, పక్కనే ధర, కొనే బటన్. మిగతా ప్యాక్‌లు కావాలన్న మాట ఎక్కడుందా అని వెతికితే, వివరణ సగంలో ఆగిపోయి 'ఇంకా చదవండి' అని ఉంది. అది నొక్కాక, ఎంత మెమరీ కావాలి, ఏ గ్రాఫిక్స్ కార్డు కావాలి అన్న వరసలన్నీ దాటాక, చిట్టచివర చిన్న అక్షరాల్లో ఒక్క లైను: 'కొన్ని సినారియోలకు అదనపు కంటెంట్ అవసరం కావచ్చు'. ఏ కంటెంట్, ఎంత ధర, ఎన్ని సినారియోలకు, ఏదీ లేదు. ఆ 'కావచ్చు' అన్న మాటే మీ కేసుకు బలం, ఎందుకంటే తయారు చేసినవాళ్ళకు కచ్చితంగా తెలిసిన సంగతిని కొనేవాళ్ళకు అనుమానంగా చెప్పారు.

ఒక మాట మాత్రం న్యాయంగా చెప్పాలి. ఒక రూట్‌కి వేరే ప్యాక్‌లు కావాల్సి రావడం దానంతట అది తప్పు కాదు. రూట్ చేసేవాళ్ళు చెట్లు, సిగ్నళ్ళు, రైలు పెట్టెలు అన్నీ సొంతంగా గీయరు, ఇంకొకరి ప్యాక్‌లోవి వాడుకుంటారు, అవి ఆ ఇంకొకరి సొత్తు కాబట్టి తమ రూట్‌లో కలిపి ఇవ్వలేరు, కొనేవాళ్ళు విడిగా కొనుక్కోవాల్సిందే. అందుకని నా వాదన ఒక్కటే. విడిగా అమ్ముకోండి, ఎన్ని ముక్కలుగానైనా అమ్ముకోండి, కానీ డబ్బు కట్టే బటన్ పక్కనే, ధర ఎంత అక్షరాల్లో ఉందో అంతే అక్షరాల్లో, ఇంకా ఏమేం కావాలి, అన్నీ కలిపి ఎంతవుతుంది అన్నది రాయండి. 2001లో మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్ వచ్చినప్పటి నుంచీ ఈ ఆటలు యాడ్-ఆన్‌ల మీదే బతుకుతున్నాయి. కొన్ని గేమ్‌లకు అన్ని యాడ్-ఆన్‌లూ కొనాలంటే లక్షల రూపాయలు అవుతుంది. అలాంటి చోట ధర దాచడం చిన్న విషయం కాదు.

ఇక చట్టం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 2(11) చూడండి. కొనేవాళ్ళకు తెలియాల్సిన సమాచారాన్ని కావాలని తొక్కిపెట్టడం కూడా సేవా లోపమే అని అందులో స్పష్టంగా ఉంది. దానికన్నా మీకు బాగా పనికొచ్చేది 2023 నవంబర్ 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు. అందులో 13 రకాల ఆన్‌లైన్ మోసపు పద్ధతులు చెప్పారు, వాటిలో ఒకటి డ్రిప్ ప్రైసింగ్. ధరను విడతలు విడతలుగా బయటపెట్టడమే కాదు, ఇప్పటికే డబ్బు కట్టిన సేవను ఇంకేదో కొంటే తప్ప వాడుకోనివ్వకపోవడం కూడా డ్రిప్ ప్రైసింగ్ కిందికే వస్తుంది. మీ సగం సినారియోలు తెరుచుకోకపోవడానికి ఇంతకన్నా దగ్గరి మాట ఇంకోటి లేదు. నోటీసులో ఈ వాక్యం తప్పకుండా పెట్టండి.

సాఫ్ట్‌వేర్ వస్తువా, సేవా అని అవతలివాళ్ళు లాగొచ్చు. ఆ గొడవ మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ మధ్య నడిచిన అమ్మకం పన్ను కేసులో, డిస్కుల మీద రెడీమేడ్‌గా అమ్మే సాఫ్ట్‌వేర్ వస్తువే అని 2004లో తీర్పు వచ్చింది. డౌన్‌లోడ్‌కి డిస్కు ఉండదు కదా అంటారేమో, అననివ్వండి. 2020 ఈ-కామర్స్ నియమాల్లో డిజిటల్ ఉత్పత్తులు అని విడిగా పేరు పెట్టి రాశారు. కంపెనీ విదేశంలో ఉన్నా, ఇక్కడివాళ్ళకు క్రమం తప్పకుండా అమ్ముతుంటే ఆ నియమాలు వర్తిస్తాయి. మీకు 18 దాటాయి కాబట్టి మైనర్ ఒప్పందం అన్న చిక్కు కూడా లేదు.

రెండు గంటల సంగతి. స్టీమ్ లాంటి స్టోర్లలో యాడ్-ఆన్‌కి ఉన్న రూలు ఏమిటంటే, కొన్న 14 రోజుల్లోపు అడగాలి, యాడ్-ఆన్ కొన్నాక అసలు గేమ్ రెండు గంటలలోపే ఆడి ఉండాలి. మామూలు ఆటకైతే సరిపోతుందేమో. రైలు ఆటలో రేణిగుంట నుంచి గూడూరు దాకా ఒక్కసారి నడిపితేనే గంట పైన పడుతుంది, సెట్టింగులు సరిచేసుకోవడానికి ఇంకో అరగంట, ఇక నాలుగో సినారియో తెరుచుకోవడం లేదని తెలిసేసరికి గడువు అయిపోయి ఉంటుంది. ఇది రాతపూర్వకంగా చెప్పండి. స్టోర్ పెట్టుకున్న రీఫండ్ రూలు స్టోర్‌దే, అది చట్టం ఇచ్చిన హక్కును తుడిచేయలేదు.

ముందు స్టోర్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి ఫిర్యాదు పంపండి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉంటున్న ఊళ్ళోనే వేసుకునే హక్కు సెక్షన్ 34 ఇచ్చింది కాబట్టి తిరుపతిలోనే వేయొచ్చు, మీరు కట్టిన ధర రూ. 5 లక్షల దాకా అయితే ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు, రెండేళ్ళ గడువు ఉంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. షరతులు అన్యాయంగా ఉన్నాయి కదా అని 'అన్యాయమైన ఒప్పందం' అని రాసేస్తారు. ఆ మాట మీద జిల్లా కమిషన్‌కి అధికారం లేదు, విజయవాడలో రాష్ట్ర కమిషన్‌కి పోవాలి. మీరు 'సేవా లోపం, అనుచిత వ్యాపార పద్ధతి' అని మాత్రమే రాయండి. తొందరపడి బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి లాక్కోకండి, అలా చేస్తే ఖాతా లాక్ చేసే స్టోర్లున్నాయి, మీరు ఇన్నాళ్ళూ కొన్నవన్నీ చిక్కుకుపోతాయి. ఇక్కడ ఆఫీసే లేని కంపెనీ మీద ఆర్డర్ వచ్చినా డబ్బు రాబట్టడం కష్టం, అది కూడా ముందే తెలుసుకోండి. అందుకే రూట్ తయారు చేసిన కంపెనీ ఒక్కదాని మీదే కాకుండా, మీ దగ్గర డబ్బు తీసుకున్న స్టోర్‌ని కూడా పార్టీగా చేర్చండి.

మీ రెండో ప్రశ్న చదివి నిజంగా సంతోషం వేసింది. పాకాల–కాట్పాడి మీద రూట్ చేయడానికి మనవాళ్ళలో ఒకరు కూర్చున్నారంటే మంచి పని. అమ్ముకోవచ్చు. ఓపెన్ రైల్స్ ఉచితం కాబట్టి మీ రూట్ కూడా ఉచితంగానే ఇవ్వాలన్న రూలేమీ లేదు. అయితే అందులో వాడిన ప్రతి మోడల్ పక్కన ఎవరిదో రాసుకోండి. ఉచితంగా దొరికిన పెట్టెలు, ఇంజన్ల ఫోల్డర్‌లో రీడ్‌మీ ఫైల్ ఉంటుంది, అందులో తరచూ 'వ్యాపారానికి వాడరాదు' అని ఉంటుంది, అది తెలిసీ పట్టించుకోకుండా అమ్మితే కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు. అనుమతి మెయిల్‌లో తీసుకోండి, ఇవ్వకపోతే మీరే గీయండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాడితే వాళ్ళ పేరు చెప్పాలి. రైల్వే చిహ్నం పెట్టి 'అధికారిక' అన్న భావం రానివ్వకండి.

అమ్మే పేజీలో, మీ ధర పక్కనే, ఇవి తెలుగులోనే రాయండి: ఏ ప్యాక్‌లు కావాలి, వాటి ధరెంత, ఏ సినారియోకి ఏది, గేమ్ కొత్త వెర్షన్ వస్తే మీ రూట్ పనిచేస్తుందా, కొనేవాళ్ళకు దొరికేది సొంత హక్కా లేక వాడుకునే లైసెన్సా. ఈ చివరిది అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2025 జనవరి 1 నుంచి తప్పనిసరి చేసింది. మన దగ్గర అంత సూటిగా లేదు, కానీ చెప్పకుండా ఉండడానికి అది సాకు కాదు. పాకాల దగ్గరి ఒక చిన్న ముక్క ఉచితంగా ఇచ్చి చూసుకోమనండి. అది వాళ్ళ కంప్యూటర్‌లో నడిస్తేనే కొంటారు, మీకు రీఫండ్ తలనొప్పీ ఉండదు.

సిగ్నల్ పోస్టుల ఫొటోల కోసం పాకాల యార్డులో పట్టాల పక్కన నడిచి తిరుగుతున్నానని మీరు రాశారు. అది మానేయండి బాబూ. రైల్వే చట్టం సెక్షన్ 147 కింద ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, అది అటుంచితే వెనక నుంచి వచ్చే బండి వినిపించదు. రైలెక్కి కిటికీ పక్కన కూర్చుని తీసుకోండి.

ఆ స్టోర్ పేజీని మాత్రం ఇవాళే మళ్ళీ తెరిచి, తేదీ, టైమూ కనిపించేలా పైనుంచి కిందిదాకా స్క్రీన్ రికార్డ్ చేసి పెట్టండి. ఫిర్యాదు అందగానే పేజీ మార్చేస్తారు. ఆ రికార్డింగ్‌కి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ జత చేయాలి, దాని నమూనా మీకు మెయిల్ చేస్తున్నాను.