పండక్కి 20 మంది భోజనానికి ప్లైవుడ్ బల్ల: మేం చేయించుకున్న తీరు

సంక్రాంతికి ఇరవై మంది వస్తారు, పెద్దవాళ్ళు కింద కూర్చోలేరు, ప్లైవుడ్‌తో తాత్కాలికంగా డైనింగ్ టేబుల్ చేయించుకోవచ్చా అని అడిగారు. తప్పకుండా చేయించుకోండి. మా ఇంట్లో నాలుగేళ్ళుగా అదే వాడుతున్నాం.

మాది పశ్చిమ గోదావరి. పండక్కి అందరం చేరితే హాల్లో చాపలు పరిచి బంతి వేసేవాళ్ళం. మోకాళ్ళ నొప్పులతో నాయనమ్మ మాత్రం లోపలి గదిలో మంచం మీద కూర్చుని, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తినేది. మారు వడ్డించడానికి ఎవరైనా వెళ్తే "చాలమ్మా, మీరు కానివ్వండి" అనేసేది. ఒక కనుమ రోజు గారెలు తీసుకెళ్ళి చూస్తే, చెయ్యి కడుక్కోకుండా అలాగే కూర్చుని హాల్లో మాటలు వింటోంది. ఆ మర్నాడే ప్లైవుడ్ కొట్టుకు వెళ్ళాను.

ముందుగా చెప్పాల్సిన మాట ఒకటుంది. డైనింగ్ టేబుల్ అంటే చుట్టూ కూర్చునేది అనుకుంటాం. విస్తట్లో వడ్డించే భోజనానికి అది కుదరదు. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న షీటును మేం మొదట కోయకుండా వేసి రెండు వైపులా కుర్చీలు పెట్టాం. వడ్డించేవాళ్ళు కుర్చీల వెనక నిలబడి, భుజాల మీదుగా వంగాల్సి వచ్చింది. వేడి చారు మా మేనత్త భుజం మీద ఒలికింది. పెద్దగా కాలలేదు కానీ ఇప్పటికీ తలచుకుంటే భయమేస్తుంది. అందుకే షీటును పొడుగ్గా రెండు ముక్కలు కోయించాం. ఒక్కోటి 8 అడుగులు, 2 అడుగులు. ఫంక్షన్ హాల్లో లాగే ఒకవైపే కుర్చీలు, ఎదుటి వైపు నుంచి వడ్డన. మనిషికి 2 అడుగులు వదిలితే విస్తరి, గ్లాసు, పక్కన మోచెయ్యి హాయిగా పడతాయి. అంటే బల్లకు నలుగురు, పిల్లలైతే ఐదుగురు. రెండు బల్లలు వరసగా వేస్తే మీ ఇరవై మందికి మూడు బంతుల్లో అయిపోతుంది. హాలు పెద్దదైతే ఇంకో షీటు తీసుకోండి.

మందం 18 ఎం.ఎం. అయితే గట్టిగా ఉంటుంది కానీ అలా కోసిన ముక్క కూడా 15, 16 కిలోలు తూగుతుంది. మేం 12 ఎం.ఎం. తీసుకుని, కింద స్టాండ్లు రెండు కాకుండా మూడు పెట్టాం. అదే మేలనిపించింది, ఇద్దరు ఆడవాళ్ళు సులువుగా ఎత్తి పెట్టేస్తారు. షీటు మీద ఐ.ఎస్. 303 ముద్ర ఉంటే మామూలు రకం, ఐ.ఎస్. 710 ఉంటే నీళ్ళకు ఆగే మెరైన్ రకం. ఏడాదికి నాలుగైదు సార్లు వాడే బల్లకు మొదటిది చాలు. అయితే ప్లైవుడ్‌లోకి నీళ్ళు ఎక్కువగా పీల్చుకునేది అంచుల దగ్గరే. అందుకని అంచుల్ని గరుకు కాగితంతో బాగా రుద్దించి, రెండు పూతలు పెయింట్ వేయించండి. రుద్దకపోతే పేళ్ళు లేచి చీరలకు పట్టుకుంటాయి, పిల్లల చేతుల్లో గుచ్చుకుంటాయి.

స్టాండ్లు మా వీధి వడ్రంగి చేశాడు. రెండు చెక్క ఫ్రేములను పైన మడతబందులతో కలిపి, కాళ్ళు మరీ విచ్చుకోకుండా కింద నవారు ముక్క కొట్టాడు. పని అయ్యాక నిచ్చెనలా మడిచేయొచ్చు. వాటిని ఎక్కడ పెడతారన్నది ముఖ్యం. రెండు చివరల నుంచీ అర అడుగు లోపలికి ఒక్కోటి, సరిగ్గా నడుమ ఒకటి. అప్పుడు ఎవరి మోకాలికీ స్టాండు అడ్డం రాదు. ఇంకా లోపలికి జరిపితే చివర కూర్చున్నవాళ్ళు బల్ల మీద చెయ్యి ఆనించి లేవబోయినప్పుడు రెండో చివర పైకి లేస్తుంది. పెద్దవాళ్ళు లేచేటప్పుడు ఆనుకోకుండా ఉండలేరు కదా. స్టాండు పక్కకు జారకుండా షీటు అడుగున అటొకటి ఇటొకటి సన్న బద్దెలు స్క్రూలతో బిగించుకోండి. స్క్రూ పొడవు చూసుకోవాలి, ఎక్కువైతే 12 ఎం.ఎం. షీటులో కొన పైకి పొడుచుకు వస్తుంది.

ఎత్తు గురించి వడ్రంగితో కాసేపు వాదించాను. మామూలుగా డైనింగ్ టేబుల్ 30 అంగుళాలు ఉంటుంది, అంతే పెడతానన్నాడు. చేత్తో అన్నం కలుపుకుని తినేవాళ్ళకు, అందులోనూ నాయనమ్మలా కాస్త కుంచించుకుపోయిన మనిషికి, ఆ ఎత్తులో భుజం పైకి లాగుతుంది. 28 అంగుళాలే పెట్టించాను. చేతుల కుర్చీలు వేసేటట్లయితే అవి బల్ల కిందికి దూరతాయో లేదో ముందే కొలుచుకోండి.

వాకిట్లో వేస్తే నేల వాలు చూసుకోండి. నీళ్ళు పోవడానికి కట్టిన వాలే కానీ, విస్తట్లో పోసిన చారంతా అటు పారుతుంది. పల్లం వైపు కాళ్ళ కింద చెక్కముక్కలు పెట్టి, బల్ల మీద గ్లాసుతో నీళ్ళు పెట్టి చూస్తే తెలిసిపోతుంది. పైన పరవడానికి పేపర్ రోల్ వాడతాం, బంతికి బంతికీ మార్చేస్తాం.

పండగ అయ్యాక షీట్లను గోడకు వాల్చి వదిలేయకండి, నెలల తరబడి అలా ఉంటే వంగిపోతాయి. మేం మంచం కింద ఇటుకల మీద పడుకోబెడతాం, నేలకు తగలకపోతే చెదలు అంత త్వరగా పట్టవు.

నాయనమ్మ కుర్చీ వంటింటి గుమ్మం వైపు మొదట్లో వేస్తాం, వడ్డన అక్కడే మొదలవుతుంది. పోయిన సంక్రాంతికి గుమ్మడికాయ పులుసు మూడుసార్లు వేయించుకుంది.