బివీ సంచి కింద పరిచే షీటు గురించి మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కాలిఫోర్నియాలోని సియెరా కొండల్లో యోసెమిటీ లోయ నుంచి విట్నీ శిఖరం దాకా సాగే కాలిబాట జాన్ మ్యూర్ ట్రైల్ మొత్తం, సుమారు 340 కిలోమీటర్లు, డేరా లేకుండా, స్లీపింగ్ బ్యాగ్ మీద తొడుక్కునే ఒక్క బివీ సంచితోనే నడవబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ముందు గర్వపడ్డాను, ఆ తరువాత దిగులు పట్టుకుంది. ఆ దారిలో నడిచినవాణ్ని కనుక నా భయం ఎలుగుబంట్ల గురించి కాదు, తడి గురించి.

బివీ అడుగుభాగం ఎలాగూ నీరు పట్టనిదే. ఆ పలుచని అడుగు గ్రానైట్ పలుకులకు చిరగకుండా చూడటమే కింద పరిచే షీటు అసలు పని. అది వెచ్చదనం ఇవ్వదు, నేల చలిని ఆపేది నీ పరుపే. అమెరికాలో చలికాలం కిటికీలకు అంటించే పాలీక్రయో పొర ఒక మనిషికి సరిపడా కొలతలో 45 గ్రాములే తూగుతుంది కానీ, అంచున చిన్న గాటు పడితే అక్కడి నుంచి చిరుగుతూ పోతుంది, గాలి వీస్తే పరచనివ్వదు. ఇళ్ల గోడలకు చుట్టే టైవెక్ అనే పొర దానికంటే బాగా ఎక్కువ తూగినా రాళ్లను బాగా తట్టుకుంటుంది. కొత్తలో చేసే గలగల శబ్దం, సబ్బు వేయకుండా చన్నీళ్లలో ఒకసారి వాషింగ్ మెషీన్‌లో తిప్పితే తగ్గిపోతుంది. సిలికాన్ పూసిన నైలాన్ వద్దు, కాస్త వాలుగా ఉన్న నేల మీద రాత్రంతా జారుతూనే ఉంటావు. బరువు తగ్గించడానికి టూత్‌బ్రష్ పిడి కూడా కోసేశావని విన్నాను. ఆ పట్టుదల మంచిదే కానీ, ఈ కాస్త బరువు దగ్గర మాత్రం నా మాట విని టైవెక్ తీసుకో.

దేనితో చేసిందన్నదాని కంటే ఎంత కొలతకు కత్తిరించావన్నదే ముఖ్యం. థౌజండ్ ఐలండ్ సరస్సు దగ్గర, సుమారు 3,000 మీటర్ల ఎత్తున, నాతో వచ్చిన స్నేహితుడు పెద్దదైతే మరింత భద్రమని నమ్మి, బివీకి నాలుగు వైపులా జానెడు మిగిలేలా షీటు పరుచుకున్నాడు. చీకటి పడ్డాక ఉరుములతో వాన మొదలైంది. బివీ మీద పడిన నీరు పక్కలకు జారి, నేలలోకి ఇంకవలసింది ఇంకకుండా ఆ షీటు అంచుల మీద నిలిచి, అతని బరువుకు పల్లమైన చోటికి, సరిగ్గా నడుము కిందికి పారింది. అరిగిపోయిన పాత బివీ అడుగులోంచి, మోచేతులూ తుంటీ ఒత్తిన చోటల్లా చెమ్మ లోపలికి ఊరింది. స్లీపింగ్ బ్యాగ్‌లోని ఈకలు తడిసి ఉండలు కట్టాయి. తడిసిన ఈకలు వేడిని పట్టి ఉంచలేవు. అర్ధరాత్రి అతని పళ్లు కొట్టుకుంటున్న శబ్దానికి నాకు మెలకువ వచ్చింది, కాసేపటికి ఒళ్లు వేడెక్కకుండానే ఆ వణుకు కూడా ఆగిపోవడంతో నాకు నిజమైన భయం పుట్టింది. తడి బట్టలు మార్పించి, నా స్లీపింగ్ బ్యాగ్‌లోకి పంపి, నీళ్లు కాచి కొద్దికొద్దిగా తాగిస్తూ తెల్లవార్లూ అతనితో మాట్లాడుతూనే ఉన్నాను. ఆ సియెరా కొండల్లో వేసవి మధ్యాహ్నాలు ఉరుముల వాన మామూలే, కొన్నిసార్లు అది రాత్రి దాకా సాగుతుంది, కనుక ఇది నీకూ ఎదురుకావచ్చు.

అందుకే షీటును బివీ అడుగు కంటే అన్ని వైపులా 5 సెంటీమీటర్లు లోపలికే కత్తిరించు. అంతకు మించి తగ్గించకు, ఎందుకంటే నువ్వు నిద్రలో దొర్లే మనిషివి. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో మేడ మీద పడుకోబెడితే చాప దాటి పిట్టగోడ దాకా వెళ్లిపోయేదానివి, నిన్ను వెనక్కి లాగడానికే అమ్మమ్మ నీ పక్కన పడుకునేది. పొడి రాత్రుల్లో బూట్లు, వీపు సంచి పెట్టుకోవడానికి పెద్ద షీటు కావాలనిపిస్తే పెద్దదే ఉంచుకో, కానీ వాన సూచన ఉన్నా లేకపోయినా పడుకునే ముందు అంచులను బివీ కిందికి మడిచెయ్యి. పల్లంలో పక్క వేయకు.

బివీ అడుగుభాగం కొలతలు భుజాల దగ్గర ఒకటి, పాదాల దగ్గర ఒకటి తీసి, కత్తెర పట్టే ముందే నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ మామయ్య