తప్పిపోయిన పిల్లల కేసులో పోలీసులు ఏదో దాస్తున్నారని అనుమానించవచ్చా?

మీ కాలనీలో బాబు కనిపించక రెండు రోజులైందని, పోలీసులు నోరు విప్పడం లేదని, ఏదో దాస్తున్నారని అందరూ అంటున్నారని రాశారు. ఆ అనుమానం మాకూ వచ్చింది. సగం నిజమైంది, సగం మా పొరపాటు.

ఐదేళ్ల క్రితం మా అక్క కొడుకు, 11 ఏళ్లవాడు, ట్యూషన్ నుంచి ఇంటికి రాలేదు. రాత్రి ఏడున్నరకు స్టేషన్‌కి పరిగెత్తాం. "ఫ్రెండ్స్ ఇంట్లో ఉంటాడమ్మా, పొద్దున దాకా చూడండి" అన్నారు. కాసేపటికి, ట్యూషన్ సెంటర్ మా లిమిట్స్‌లోకి రాదన్నారు. మా బావ లాయర్ స్నేహితుడు ఫోన్‌లో గట్టిగా మాట్లాడితే తప్ప కేసు కట్టలేదు. ఎఫ్ఐఆర్‌లో టైమ్ చూస్తే 11:40. ఆ నాలుగు గంటలు మాత్రం నేను ఇప్పటికీ క్షమించలేను.

ఎందుకంటే 24 గంటలు ఆగాలన్న రూలేమీ లేదు. పిల్లలు తప్పిపోయారని ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ కట్టాల్సిందేనని, కిడ్నాపో అక్రమ రవాణానో జరిగిందన్నట్టే దర్యాప్తు మొదలుపెట్టాలని 2013లో బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. లిమిట్స్ కాకపోతే జీరో ఎఫ్ఐఆర్ చేసి అవతలి స్టేషన్‌కి పంపాలి. కాపీ ఫిర్యాదు చేసినవాళ్లకి ఉచితంగా ఇవ్వాలి. ఎఫ్ఐఆర్ కట్టకుండా వట్టి జీడీ ఎంట్రీ (స్టేషన్ రోజువారీ డైరీలో నమోదు) రాసుకుని పంపేస్తే ఒప్పుకోకండి.

ఇక మా పొరపాటు. కేసు కట్టాక మొదట మా బావనే గంటసేపు ప్రశ్నించారు. ఇంట్లో గొడవలున్నాయా, పిల్లాణ్ణి కొట్టారా అని. అక్క కుప్పకూలిపోయింది. మమ్మల్నే దొంగల్లా చూస్తున్నారని నేను అరిచాను కూడా. నిజానికి వాడు మార్కుల భయంతోనే వెళ్లిపోయాడు, ముందురోజు బావ తిట్టిన సంగతి మేమే చెప్పలేదు.

ఫోటోతో పాటు ఫోన్ నంబర్ పెట్టొద్దని ఎస్సై అంటే, విషయం బయటికి రాకూడదని అలా అంటున్నాడనుకుని వాట్సాప్ గ్రూపులన్నిటిలో పెట్టేశాం. తెల్లారేలోగా "పిల్లాడు మా దగ్గరున్నాడు, డబ్బు వేయండి" అని మూడు ఫోన్లు. మూడూ అబద్ధాలే. ఆ టెన్షన్‌లో నిజమైన కాల్ ఏదో, కానిదేదో ఎవరికి తెలుస్తుంది?

మర్నాడు సాయంత్రం రైల్వే పోలీసులకు ఓ ప్లాట్‌ఫామ్ మీద దొరికాడు. బస్టాండ్ కెమెరాలో వాడు రైల్వే స్టేషన్ వైపు వెళ్లే బస్సెక్కడం చూసి, రాత్రికి రాత్రే ఫోటో అక్కడికి పంపింది ఆ ఎస్సైయే. ఆ మాట మాకు ఎవరూ చెప్పలేదు. ఒక్క ముక్క చెప్పి ఉంటే మేమంత రచ్చ చేసేవాళ్లం కాదు.

కాబట్టి పోలీసులు ఏం దాస్తున్నారన్నది పక్కనపెట్టి, ముందు ఆ తల్లిదండ్రుల చేతిలో ఎఫ్ఐఆర్ కాపీ ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే ఇవాళే రాతపూర్వకంగా ఎస్పీకి లేదా కమిషనర్‌కి ఫిర్యాదు ఇప్పించండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా ఫోన్ చేయించండి. దారిలో షాపుల కెమెరాల ఫుటేజీ కొన్నాళ్లకి దానంతటదే చెరిగిపోతుంది, ఏ ఏ షాపులో కెమెరా ఉందో మీరే రాసి ఎస్సైకి ఇవ్వండి.