ఈ-రీడర్‌లో జపనీస్ చదవబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

జపనీస్ భాషా పరీక్షలో ఎన్ 4 స్థాయి పాసయ్యావు, ఇక పాఠ్యపుస్తకాలు పక్కన పెట్టి అసలు పుస్తకాలు చదువుతానంటున్నావు. సంతోషం. ఏ ఈ-రీడర్ కొనాలో చెప్పమన్నావు గానీ, దాని సంగతి తర్వాత. ముందు ఒక అలవాటు గురించి చెప్పాలి. అది లేకపోతే ఎంత మంచి రీడరైనా నెల తిరక్కుండా సొరుగులోకి చేరుతుంది.

ఈ-రీడర్‌లో మాట మీద వేలు పెడితే డిక్షనరీ అర్థం వచ్చేస్తోంది కదా అని తెలియని ప్రతి మాట మీదా వేలు పెట్టకు. ముందు వాక్యం చివరిదాకా చదువు. జపనీస్‌లో క్రియ చివర్లోనే వస్తుంది, మనకలాగే. పని జరిగిందో లేదో, ఇష్టపడి చేశారో ఎవరైనా బలవంతంగా చేయించారో అక్కడిదాకా వెళ్తేగానీ తేలదు. మధ్యలో నాలుగుసార్లు ఆగావంటే చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతావు, మళ్లీ వెనక్కి వెళ్లాలి. చివరిదాకా వెళ్లాక కూడా అడ్డుపడే మాటలు ఒకటో రెండో మిగులుతాయి. వాటినే తాకు. మిగతావి పోనీ. పుస్తకానికి నిజంగా అవసరమైన మాటైతే నువ్వు వద్దన్నా పది పేజీల్లో మళ్లీ ఎదురవుతుంది.

జపాన్‌లో 'తదొకు' అని ఒక పద్ధతి ఉంది. వాళ్లు ఇంకా గట్టివాళ్లు: బాగా తేలికైన వాటితో మొదలుపెట్టు, డిక్షనరీ ముట్టుకోకు, అర్థం కాకపోతే దాటెయ్, విసుగొస్తే పుస్తకం మార్చు అంటారు. ఆ పద్ధతిని నడిపే స్వచ్ఛంద సంస్థ స్థాయిల వారీగా తయారుచేసిన చిన్న పుస్తకాలను ఉచితంగానే ఇస్తోంది, వాటితో మొదలుపెట్టు. డిక్షనరీ అసలే ముట్టుకోవద్దంటే మాత్రం నేను ఒప్పుకోను. ఒక్క మాట తెలియక పేజీ అంతా చీకటైపోయే సందర్భాలుంటాయి. విసుగొస్తే పుస్తకం మార్చమనే మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. సగంలో వదిలేసినందుకు నిన్నెవరూ అడగరు.

ఇక డిక్షనరీ చూపించేదల్లా నమ్మకు. జపనీస్‌లో మామూలుగా మాటల మధ్య ఖాళీ ఉండదని తెలుసు కదా, మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పరికరం ఊహించుకోవాల్సిందే. కంజీ (చైనా నుంచి వచ్చిన, అర్థాన్ని సూచించే అక్షరాలు) ఉన్నచోట దాని ఊహ చాలావరకు సరిగ్గానే ఉంటుంది. అంతా కనలోనే (ఉచ్చారణను మాత్రమే చూపే అక్షరాలు) రాసి ఉంటే తికమకపడుతుంది. 'నివా ని వా నివా నివాతోరి గా ఇరు' అని పిల్లలు సరదాగా చెప్పుకునే వాక్యం ఒకటుంది, పెరట్లో రెండు కోళ్లున్నాయని. మొదటి నివా పెరడు, రెండో నివా 'రెండు పిట్టలు' అనే లెక్క, ఆ తర్వాతది కోడిలో ముక్క. కంజీలో రాస్తే ఇబ్బందే లేదు. హిరగానలో (అదీ ఒక రకం కనే) రాస్తే ఎక్కడ విరవాలో మనిషే ఒక క్షణం ఆలోచించాలి, యంత్రం సంగతి చెప్పనక్కర్లేదు. పిల్లల పుస్తకాలు తేలికనుకుని కొనేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. కంజీ తక్కువని సంబరపడతాం గానీ, డిక్షనరీతో చదివేవాడికి కంజీయే ఆసరా. పరికరం తప్పుగా విరిచిందనిపిస్తే అంచులు వేలితో జరిపి ఎక్కువో తక్కువో ఎంచుకుని మళ్లీ చూడు.

ఇంకో చిక్కు, రూపం ఒకటే, మాటలు రెండు. 'వెళ్లాడు' అనే ఇత్తా, 'నిర్వహించాడు' అనే ఒకొనత్తా కంజీలో రాస్తే తెర మీద అచ్చంగా ఒకేలా ఉంటాయి. 'కారంగా ఉంది' అనే కరాయి, 'బాధగా ఉంది' అనే త్సురాయి కూడా అంతే. డిక్షనరీ రెండూ చూపిస్తుంది, లేదా మొదటిది మాత్రమే చూపించి ఊరుకుంటుంది. కథలో ఎవరో చనిపోయిన ఘట్టంలో కారం గురించి వచ్చిందంటే కిందికి జరిపి చూడాలని అర్థం.

క్రియ రూపాలు కూడా గమనించు. పుస్తకంలో తబెతకునకత్తా, 'తినాలనిపించలేదు', అని ఉంటుంది. డిక్షనరీలో ఉండేది తబేరు ఒక్కటే. రూపాన్ని విప్పి మూలానికి చేర్చే తెలివి కొన్నింటికి ఉంటుంది, కొన్నింటికి ఉండదు. కొనే ముందు ఇలాంటి మాట ఒకటి తాకి చూడమని ఆ పరికరం ఉన్నవాళ్లెవరినైనా అడుగు. కంపెనీలు ప్రకటనల్లో చెప్పే గొప్పల కంటే ఈ ఒక్క పరీక్ష మేలు.

మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు మామూలు డిక్షనరీలో చాలావరకు దొరకవు. తాకితే ఏదో ఒక అర్థం మాత్రం వస్తుంది! మాట చివర 'సాన్', 'కున్' లాంటివి కనిపిస్తే అది పేరని గుర్తుపట్టి ముందుకెళ్లు. జేఎం డిక్ట్ అనే ఉచిత డిక్షనరీ ఉంది, జిమ్ బ్రీన్ 1991లో మొదలుపెట్టిన ఎడిక్ట్ నుంచి పెరిగి పెద్దదైంది. నువ్వు చూసే ఉచిత డిక్షనరీల్లో చాలావాటికి అదే మూలం. దానికి తోడుగా పేర్లకోసం జేఎంనే డిక్ట్ వేరుగా ఉంది, రెండూ ఎక్కించుకో. అర్థాలు ఇంగ్లీషులో ఉంటాయి. కొన్నాళ్లకు జపనీస్-జపనీస్ డిక్షనరీకి మారాలి, కానీ ఇప్పుడే కాదు, టెన్షన్ పడకు.

బయటి నుంచి ఫైలు ఎక్కించాక డిక్షనరీ పిచ్చిగా ప్రవర్తిస్తే పరికరాన్ని తిట్టకు. చాలాసార్లు ఫైలులో భాష పేరు తప్పుగా ఉంటుంది. పుస్తకం ఏ భాషదని ఫైలులో రాసి ఉందో చూసి కిండిల్ ఆ భాష డిక్షనరీని తెరుస్తుంది. అక్కడ ఇంగ్లీషు అని ఉంటే జపనీస్ డిక్షనరీ నీ దగ్గరున్నా వృథాయే. కాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పుస్తకం వివరాలు తెరిచి, భాష జపనీస్ అని మార్చి, మళ్లీ ఎక్కించు.

ఏం చదవాలంటావా? అందరూ చూపించేది అవోజొరా బుంకో. 1997లో మొదలైన ఉచిత డిజిటల్ గ్రంథాలయం, కాపీరైటు తీరిన రచనలు వేలల్లో ఉన్నాయి. కానీ ఉచితం కదా అని నేరుగా నవలాకారుడు నత్సుమే సోసెకి మీద పడకు. ఆయన 1916లో పోయారు, ఆ భాష అప్పటిది. జపాన్ 2018 డిసెంబరు 30న కాపీరైటు గడువును రచయిత మరణం తర్వాత 50 ఏళ్ల నుంచి 70కి పెంచింది. అందుకే 1968లోనూ ఆ తర్వాతా పోయినవాళ్ల రచనలు అలా ఉచితంగా దొరకడానికి ఇంకా చాలా ఏళ్లు పడుతుంది. కాబట్టి అక్కడ దొరికేది ఎక్కువగా పాతకాలం భాషేనని తెలిసి వెళ్లు. పైగా 1946లో కన రాసే పద్ధతి మారింది. అంతకు ముందు పద్ధతిలో 'ఒమోఉ' (అనుకోవడం) 'ఒమోఫు' అని ఉంటుంది, మామూలు డిక్షనరీ దాన్ని పట్టుకోలేదు. అవోజొరాలో ప్రతి రచన పేజీలోనూ అది ఏ పద్ధతిలో ఉందో రాసి ఉంటుంది. 'షింజి షింకన', అంటే కొత్త అక్షరాలు, కొత్త కన అని ఉన్నదే తీసుకో. నీమీ నాన్‌కిచి పిల్లల కథలు నీ స్థాయికి కాస్త కష్టమైనా మింగుడుపడతాయి. మియజావా కెంజి కథలు అద్భుతం, కానీ ఆయన సొంతంగా పుట్టించిన ధ్వనిపదాలు ఏ డిక్షనరీలోనూ దొరకవు. అక్కడ వేలు పెట్టకుండా చెవి పెట్టు. ఈనాటి నవలలు మాత్రం కొనుక్కోవాల్సిందే.

పరికరానికి వద్దాం. తెర 300 పీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి, ఇందులో రాజీ పడకు. కంజీ పక్కన ఉచ్చారణ చెప్పడానికి చిన్నగా వేసే ఫురిగాన అంతకన్నా తక్కువైతే మసకమసకగా ఉంటుంది. కిండిల్ వాడితే కష్టం తక్కువ. తాకిన మాటలన్నీ అవి వచ్చిన వాక్యాలతో సహా దాచిపెడుతుంది కూడా. కాకపోతే జపనీస్ పుస్తకాల కోసం జపాన్ స్టోరు ఖాతా కావాలి. ఓపిక ఉంటే కోబో అనే ఇంకో ఈ-రీడర్ తీసుకుని అందులో కేఓ రీడర్ అనే చదివే సాఫ్ట్‌వేర్ వేసుకో. అది ఉచితం, స్టార్‌డిక్ట్ అనే ఫైలు రూపంలో ఉన్న డిక్షనరీలు ఎన్నైనా పడతాయి, జపనీస్ క్రియల్ని విప్పే ప్లగిన్ కూడా ఉంది. నాకు నచ్చేది ఇదే. అయితే స్టోరులో కొన్న పుస్తకాలకు తాళం ఉంటుంది కాబట్టి అవి ఇందులో తెరుచుకోవు. కొనకముందే ప్రయోగం చేయాలంటే కంప్యూటర్ బ్రౌజర్‌లో యోమితాన్ అనే డిక్షనరీ ఎక్స్‌టెన్షన్ పెట్టుకుని అవోజొరా పేజీలు చదివి చూడు, పైసా ఖర్చు లేదు.

మాంగా (జపనీస్ బొమ్మల కథలు) అడుగుతావని తెలుసు. అది బొమ్మల ఫైలు, డిక్షనరీ పనిచేయదు. స్కాన్ చేసిన పీడీఎఫ్ కూడా అంతే. ఏ పుస్తకమైనా ముందు నమూనా దించుకుని ఒక మాట తాకి చూశాకే డబ్బు కట్టు.

దాచిన మాటలన్నీ తీసుకెళ్లి ఆంకి అనే జ్ఞాపక కార్డుల యాప్‌లో గుమ్మరించకు. పుస్తకం అయిపోయాక ఆ జాబితా తెరువు, రెండుసార్లు చూసుకున్న మాటలే కార్డులు చెయ్యి.

ఏ మోడల్ తీసుకున్నావో రాయి. దాన్నిబట్టి డిక్షనరీ ఫైళ్లు నేను పంపిస్తాను, వెతుక్కుంటూ కూర్చోకు.

ఇట్లు,
మీ మామయ్య